టెయిల్ రోటర్ పిచ్ బేరింగుకు గ్రీజు: నాలుగు స్ట్రోకులు చాలా?

జక్కూరు_కుర్రాడు
ఏడు నెలలుగా బెంగళూరు జక్కూరు దగ్గర ఒక ప్రైవేటు ఆపరేటర్ హ్యాంగర్‌లో ట్రెయినీగా ఉన్నాను. హెలికాప్టర్ రకం, కంపెనీ పేరు అడగవద్దు. టెయిల్ రోటర్ (తోక చివరి చిన్న పంకా) బ్లేడు మొదట్లో, దాని కోణం మారడానికి ఉండే పిచ్ బేరింగులకు గన్‌తో గ్రీజు పెట్టే పని ఎప్పుడూ నాకే పడుతుంది. మా సీనియర్‌ది ఒకటే మాట: "నాలుగు స్ట్రోకులు కొట్టు, గుడ్డతో తుడువు, వచ్చెయ్." మాన్యువల్‌లో మాత్రం కొత్త గ్రీజు సీలు అంచున కనబడేదాకా అని ఉంది. నిన్న ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆపకుండా కొట్టాను. పది పన్నెండు స్ట్రోకుల తర్వాత ఒక బ్లేడుకు బయటి పక్క గ్రీజు వచ్చింది. లోపలి పక్క పొడిగా అలాగే ఉంది. వచ్చిన గ్రీజులో ఇటుక రంగు చారలు. ఆయన తిరిగి వచ్చి చూసి, "పాత గ్రీజు ఆ రంగుకే తిరుగుతుంది, డబ్బా ఖరీదు ఎంతో తెలుసా" అని నలుగురిలో కోప్పడ్డారు. నేను చేసింది తప్పా? ఒక పక్కే ఎందుకు వస్తోంది?

రెంచి_రాముడు
మాన్యువల్‌లో రాసి ఉండగా ఈ నాలుగు స్ట్రోకుల లెక్క ఎక్కడిది? సంతకం పెట్టే ఇంజినీరు ఎవరు? ఆయనకు తెలుసా?

రెండో_కాఫీ
"డబ్బా ఖరీదు ఎంతో తెలుసా" అన్నవారికి టెయిల్ రోటర్ ఖరీదు ఎంతో తెలుసా అని అడగవలసింది. అడిగి ఉంటే ఈపాటికి వేరే ఉద్యోగం వెతుక్కుంటూ ఉండేవాడివి, అది వేరే సంగతి.

పీన్యా_బేరింగ్
అందరూ సీనియర్‌ను తిడుతున్నారు కాబట్టి అటువైపు మాట కూడా చెబుతాను. పీన్యాలో పద్దెనిమిదేళ్లుగా మోటార్లు, ఫ్యాన్ల బేరింగులు చూస్తున్నాను. గ్రీజు తక్కువై పోయిన బేరింగుల కన్నా ఎక్కువై వేడెక్కి పోయినవే నా బల్ల మీదికి ఎక్కువ వచ్చాయి. దీనికి లెక్క ఉంది: బేరింగు బయటి వ్యాసాన్ని వెడల్పుతో గుణించి 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి, కొలతలు మిల్లీమీటర్లలో. 90 వ్యాసం, 20 వెడల్పు అయితే 9 గ్రాములు. మొదటిసారి నింపేటప్పుడు ఖాళీ జాగాలో మూడో వంతు నుంచి సగం వరకే నింపుతాం. మిగతాది ఖాళీగా ఉండాలి. లేకపోతే గోళీలు గ్రీజును చిలుకుతూనే ఉంటాయి, చిలికినకొద్దీ వేడి. పన్నెండు స్ట్రోకులు అంటే నాకు భయంగానే ఉంది.

రెంచి_రాముడు
@పీన్యా_బేరింగ్ మీ లెక్క తప్పనను. నిమిషానికి 1500 చుట్లు తిరిగే మోటారుకు అది సరిపోతుంది. ఈ అబ్బాయి చెబుతున్న బేరింగు తిరగదు. బ్లేడు కోణం మారినప్పుడల్లా కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది, అంతే. చిలకడానికి అక్కడ ఏముంది?

పీన్యా_బేరింగ్
తిరగదా? బ్లేడుతోపాటు మొత్తం తిరుగుతుంది కదా.

రెంచి_రాముడు
మొత్తం కలిసి తిరుగుతుంది. లోపలి రేసుకు, బయటి రేసుకు, అంటే గోళీలు దొర్లే రెండు వలయాలకు, మధ్య ఉన్న కదలిక మాత్రం ఊగడమే. రాట్నం ఎక్కిన పిల్లవాడు చేతిలో గిలకను ఊపుతున్నట్టు అనుకోండి.

ఇరుసు_తాత
విమానపురలో ఉంటాను. 31 ఏళ్లు చేతక్, చీతా హెలికాప్టర్ల మీద పని చేసి రిటైరయ్యాను. తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు కాదు. ఆగిన చోటు మాత్రం తప్పు. ఇటుక రంగు చూశాక ఇంకొక్క స్ట్రోకు కూడా కొట్టకుండా ఆ గ్రీజును తెల్ల కాగితం మీదికి తీసుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లవలసింది.

ఎందుకో చెబుతాను. గుండ్రంగా తిరిగే బేరింగులో గోళీ ఒక చుట్టు వేసినప్పుడల్లా తన దారికి తానే కొత్త గ్రీజు పూసుకుంటుంది. ఊగే బేరింగులో గోళీ ఒకే చోట అటొక వెంట్రుక వాసి, ఇటొక వెంట్రుక వాసి కదులుతుంది. కింద ఉన్న గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, మళ్లీ వచ్చి చేరదు. ఉక్కు ఉక్కును రుద్దుతుంది. అలా రాలిన పొడి గాలి తగిలి తుప్పవుతుంది. దాన్నే మేము ఫ్రెటింగ్ అనేవాళ్లం. ఇటుక రంగు అదే అయి ఉండవచ్చు. పాత గ్రీజు నల్లబడుతుంది, గోధుమ రంగుకు తిరుగుతుంది, ముదురుతుంది. ఇటుక పొడిలా మారడం మాత్రం నేను చూడలేదు.

వేళ్ల మధ్య రుద్ది చూడు. మెత్తగా ఉంటే సంగతి వేరు. పంటికింద ఇసుకలా గరగరలాడితే బేరింగు తన కథ చెప్పేసినట్టే. చూశాక చేతులు కడుక్కో, నాలాగా అదే చేత్తో వడ తినకు.

రెండో_కాఫీ
తాతగారూ, మీ పేరు వెనక కథ?

ఇరుసు_తాత
మా నాన్నకు ఎడ్లబండి ఉండేది. ఇరుసుకు కందెన పెట్టడం నా పని. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మా నాయనమ్మ అనేది. బండి అయితే పాడుతుంది, ఊరంతా వింటుంది. టెయిల్ రోటర్ అలా ముందుగా పాడి చెప్పదు. చెప్పినా ఇంజిను మోతలో వినబడదు.

మాధవి_వైట్‌ఫీల్డ్
కందెనల ప్రయోగశాలలో పని చేస్తున్నాను, కాబట్టి నా పిచ్చి ప్రశ్న: ఏ గ్రీజు పెట్టావు? డబ్బా మీద ఉన్నది అక్షరం పొల్లు పోకుండా రాయి.

జక్కూరు_కుర్రాడు
@ఇరుసు_తాత గారూ, రుద్ది చూశాను. కొంచెం గరగరగానే ఉంది.
@మాధవి గారూ, స్టోరులో రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఏరోషెల్ 14, ఇంకొకటి ఏరోషెల్ 7. మాన్యువల్‌లో ఈ చోటికి 14 అని ఉంది. గన్‌లు రెండున్నాయి. వాటి మీద ఏమీ రాసి లేదు. నేను ఎడమ పక్క మేకుకు వేలాడేది తీసుకున్నాను. ఎప్పుడూ అదే తీసుకుంటాం.

రెంచి_రాముడు
"ఎడమ పక్క మేకు". హే భగవాన్.

మాధవి_వైట్‌ఫీల్డ్
సరే, కూర్చుని రాస్తాను.

గ్రీజు అంటే నూనె, ఆ నూనెను పట్టి ఉంచే చిక్కని పదార్థం, పైన కొన్ని మందులు. పని చేసేది నూనె. చిక్కని పదార్థం స్పాంజిలాంటిది. డబ్బా కొన్ని నెలలు కదలకుండా ఉంటే, ఆవకాయ జాడీలో లాగా పైన కొంచెం నూనె తేరుతుంది. కొద్దిగా తేరితే కంగారు పడనక్కరలేదు.

అసలు తేడా ఆ స్పాంజిలో ఉంది. 14లో ఉన్నది కాల్షియం సబ్బు, అందులోని నూనె ఖనిజ నూనె. హెలికాప్టర్ల కోసమే పేరుపడిన గ్రీజు అది. ఊగే బేరింగుల్లో తాతగారు చెప్పిన ఆ రాపిడి తుప్పును ఆపడంలో దిట్ట. దాని పరిధి మైనస్ 54 నుంచి సుమారు 93 డిగ్రీల సెల్సియస్ వరకు. 7లో ఉన్నది మైక్రోజెల్, అంటే బంకమట్టి జాతి. సబ్బు కానే కాదు. నూనె కృత్రిమ ఎస్టర్. మైనస్ 73 నుంచి 149 వరకు తట్టుకుంటుంది. అంకెలు చూసి 7 గొప్పది అనుకోవద్దు. ఏ చోటికి ఏది రాశారో అదే గొప్పది.

బంకమట్టి గ్రీజులో సబ్బు గ్రీజు కలిస్తే స్పాంజి చెడే ప్రమాదం ఉంది. కొన్ని మిశ్రమాలు మెత్తబడి మజ్జిగలా కారిపోతాయి, కొన్ని గట్టిపడి దారులు మూసేస్తాయి. అనుకూలత పట్టికలు ఒక్కొక్కటి ఒక్కోలా చెబుతాయి, అందుకే పట్టిక చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. మిల్-పీఆర్ఎఫ్-23827 అనే ఒకే అమెరికా సైనిక ప్రమాణం కింద కూడా టైప్ 1 సబ్బుది, టైప్ 2 మట్టిది. ఆ రెండింటినీ సైతం కలపరాదు. డబ్బా మీద ప్రమాణం సంఖ్య ఒకటే కదా అని పప్పులో కాలేసిన వాళ్లను చూశాను.

ఇంకొక చిక్కు. 14, 7 రెండూ లేత గోధుమ రంగే. బేరింగులోంచి వచ్చిన ముద్దను చూసి ఏది ఏదో కంటితో చెప్పలేవు.

చల్లఘట్ట_చారి
ఇంత భయపెట్టాలా? మా పాత హ్యాంగర్‌లో ఏళ్ల తరబడి ఒకే గన్‌తో అన్నీ కొట్టేవాళ్లం. ఒక్క హెలికాప్టర్ కూడా పడలేదు.

రెంచి_రాముడు
పడనంత మాత్రాన బేరింగులు బాగున్నాయని కాదు. ఎన్ని బేరింగులు గడువుకు ముందే మార్చారో లెక్క ఉందా?

చల్లఘట్ట_చారి
మార్చేవాళ్లం. బేరింగులు అరగడం మామూలే కదా.

రెండో_కాఫీ
జవాబు దొరికింది.

కంపన_లెక్క
గ్రీజు మార్చడం వల్లే అమెరికాలో ఒక విమానం కూలింది కదా? అలాస్కా ఎయిర్‌లైన్స్ 261. తోక రెక్క కోణం మార్చే జాక్‌స్క్రూ.

మాధవి_వైట్‌ఫీల్డ్
@కంపన_లెక్క పూర్తిగా అలా కాదు. 2000 జనవరి 31న జరిగింది, ఎండీ-83 విమానం, 88 మంది పోయారు. ఆ సంస్థ మొబిల్‌గ్రీజ్ 28 నుంచి ఏరోషెల్ 33కు మారిన మాట నిజమే. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ దాన్ని తవ్వి చూసి, గ్రీజు మార్పు కారణం కాదని తేల్చింది. కారణం గ్రీజు సరిగా పెట్టకపోవడం. జాక్‌స్క్రూ నట్టు మరలు అరిగి ఊడిపోయాయి. జక్కూరు తమ్ముడు చదవవలసిన ముక్క ఒకటుంది: ఆ నట్టుకు గ్రీజు వెళ్లే దారి ఎండిపోయిన పాత గ్రీజుతో మూసుకుపోయి ఉంది. ఆ పనికి నాలుగు గంటలు పడుతుందని తయారీదారు అంచనా. చివరిసారి చేసిన మెకానిక్ తనకు గంట పడుతుందని చెప్పాడు.

జక్కూరు_కుర్రాడు
దారి మూసుకుపోవడం. నాకు లోపలి పక్క రాకపోవడానికి కారణం అదేనా?

ఇరుసు_తాత
అదే మొదటి అనుమానం. గ్రీజుకు బద్ధకం ఎక్కువ తమ్ముడూ, సులువైన దారి దొరికితే కష్టమైన దారిలో పోదు. పైగా అది తిరిగే బ్లేడు. గ్రీజును ఎప్పుడూ బయటివైపే లాగుతూ ఉంటుంది. లోపలి పక్క ఏళ్లుగా కొత్త గ్రీజు అందక, ఉన్నదాంట్లో నూనె కారిపోయి, మిగిలిన సబ్బు పెంకు కట్టి ఉంటుంది. నాలుగు స్ట్రోకుల పద్ధతికి వచ్చే ఫలితం అదే: కొత్తది నిప్పిల్ (గన్ మూతి తగిలించే మొన) దగ్గరే కూర్చుంటుంది, పాతది ఎప్పటికీ కదలదు.

మా రోజుల్లో ఇలా చేసేవాళ్లం. ముందు నిప్పిల్‌ను శుభ్రంగా తుడవడం, లేకపోతే దాని తలమీది దుమ్మును నీ చేతులతోనే లోపలికి పంపినట్టు. గన్ మూతి నుంచి వచ్చే మొదటి కొంచెం గుడ్డ మీద పారెయ్యడం. తర్వాత ఒకరు పెడల్ నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తొక్కుతుంటే, అంటే బ్లేడు పూర్తిగా అటూ ఇటూ తిరుగుతుంటే, ఇంకొకరు నెమ్మదిగా కొట్టడం. కదులుతున్న బేరింగే గ్రీజును లోపలంతా పంచుకుంటుంది. రెండు పక్కలా కొత్త రంగు కనబడ్డాక ఆపి, బయటికి వచ్చినదంతా తుడవడం. లేకపోతే తిరిగేటప్పుడు తోక బూమ్ మీదంతా చల్లుతుంది, దుమ్ము దాన్ని పట్టుకుంటుంది. ఇదంతా మా హెలికాప్టర్ సంగతి, నీ మాన్యువల్ ఏమంటే అది.

పీన్యా_బేరింగ్
ఊగే బేరింగు సంగతి ఒప్పుకున్నాను, అది నాకు కొత్త. అయినా ఒక మాట మీద నిలబడతాను. రాకపోతే బలంగా కొట్టు అని మాత్రం ఎవరూ చెప్పవద్దు. చేతి గన్ కూడా వేల పీఎస్ఐ పీడనం పుట్టిస్తుంది. సీలు అంత తట్టుకోదు, పెదవి తిరగబడుతుంది లేదా ఊడుతుంది. గాలి గన్ అయితే చెప్పనే అక్కరలేదు. ఇంకొకటి, స్ట్రోకుల లెక్క నమ్మేవాళ్లు ఒక్కసారి ఇంట్లో వంటకు వాడే తూకం తెచ్చి పది స్ట్రోకులు కాగితం మీద కొట్టి తూచండి. మా రెండు గన్‌లకే ఎంతో తేడా వచ్చింది. "నాలుగు స్ట్రోకులు" అన్న మాటకు అర్థమే లేదు.

రెంచి_రాముడు
@పీన్యా_బేరింగ్ దీనికి దండం. మీ లెక్క మా దగ్గర పనికివచ్చే చోటు కూడా ఉంది: తోక డ్రైవ్ షాఫ్ట్‌ను మోసే హ్యాంగర్ బేరింగులు. అవి నిజంగా వేగంగా తిరుగుతాయి, అక్కడ ఎక్కువ పెడితే వేడెక్కుతాయి. రాబిన్సన్ ఆర్44 హెలికాప్టర్‌లో క్లచ్ యాక్చుయేటర్ బేరింగు దగ్గర వేడికి రంగు మారే చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఒకసారి నల్లబడితే మళ్లీ తెల్లబడదు. పైలట్ రోజూ దాన్ని చూస్తాడు.

చల్లఘట్ట_చారి
ఇప్పుడు వచ్చే హెలికాప్టర్లలో ఈ బాధే లేదు. రోటర్ హబ్బులో, అంటే బ్లేడ్లు కలిసే నడిమి భాగంలో, అంతా రబ్బరు బేరింగులే.

ఇరుసు_తాత
రబ్బరు, లోహపు పలకలు పొరలు పొరలుగా అతికించినవి. అవును, వాటికి గ్రీజు అక్కరలేదు. 1992 ఆగస్టు 20న మా ఊళ్లోనే మొదటిసారి లేచిన ధ్రువ్ హెలికాప్టర్ హబ్బు చూశాక నాకు కొంచెం దిగులేసింది, మన పని సగం పోయిందే అని. తర్వాత తెలిసింది, పై రోటర్ బ్లేడ్ల కోణం మార్చే స్వాష్‌ప్లేట్ ఉంది, తోక ఉంది, పని ఎక్కడికీ పోలేదు. ఒక కొత్త కుర్రాడు మర్యాదగా ఆ రబ్బరు బేరింగుకు కూడా గ్రీజు పూశాడు. నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి చెడుతుందని ఎవరూ చెప్పలేదు పాపం. సాయంత్రం దాకా తుడిపించాం.

రెండో_కాఫీ
ఆ కుర్రాడు మీరు కాదు కదా తాతగారూ?

ఇరుసు_తాత
కాఫీ చల్లారుతోంది, తాగు.

కంపన_లెక్క
కంపనాల సమాచారం చూసే ఉద్యోగం నాది, కొంచెం పక్కకు వెళ్తాను. గ్రీజు సరిగా పెట్టినంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. 2018 అక్టోబరు 27న ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఏడబ్ల్యూ169 హెలికాప్టర్ కూలింది, ఐదుగురు పోయారు. తోక రోటర్ డ్యూప్లెక్స్ (జంట) బేరింగు మీద భారం పడి లోపల ఒత్తిడి ఎంత పెరిగిందంటే గ్రీజు పొర నిలవలేదు. గోళీలు దొర్లడం మాని జారాయి, రేసు పెచ్చులూడింది, చివరికి బిగుసుకుపోయింది. అక్కడినుంచి తోక మీద పైలట్‌కు పట్టు లేదు.

దానికి ముందు, 2016 డిసెంబరు 28న, ఉత్తర సముద్రంలో ఒక చమురు వేదిక మీద ఎస్-92 హెలికాప్టర్ దిగుతూ గిర్రున తిరిగింది. అదృష్టం, అందరూ బయటపడ్డారు. అదీ తోక పిచ్ చేంజ్ షాఫ్ట్ (బ్లేడు కోణం మార్చే కడ్డీ) బేరింగే. కంపనాలు రికార్డు చేసే పరికరంలో హద్దు దాటిన అంకెలు ముందే ఉన్నాయి. రాత్రి సమాచారం దించుకున్నారు, తెర మీద మాత్రం ఎవరి కంటా పడలేదు. ఆ నివేదిక చదివిన రోజు నా కుర్చీ నాకే ఇరుకుగా అనిపించింది.

పీన్యా_బేరింగ్
ఏడబ్ల్యూ169ది గ్రీజు తప్పు కాదన్నమాట?

కంపన_లెక్క
పెట్టినవాడి తప్పు కాదు. గ్రీజు మోయలేనంత భారం పడింది.

రెంచి_రాముడు
జక్కూరు తమ్ముడు ఏమయ్యాడు? రెండు రోజులైంది.

రెండో_కాఫీ
వేరే ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటాడు.

జక్కూరు_కుర్రాడు
ఉన్నాను, ఉన్నాను. నిద్ర లేదు.

ఆ కాగితం తీసుకుని సంతకం పెట్టే ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. ఆమె కాగితం చూసి ఒక్క మాటా అనకుండా ఆ హెలికాప్టర్‌ను ఆపి బోర్డు పెట్టించారు. తర్వాత "ఏ గన్?" అన్నారు. నేను ఎడమ మేకు వైపు చూపించాను. ఆవిడ రెండు గన్‌లనూ తీసి చెరొక కాగితం మీద కొట్టారు. రెండూ ఒకే రంగు. స్టోరు పుస్తకం తిరగేస్తే గన్ ఎప్పుడు ఏ డబ్బాతో నింపారో ఎక్కడా రాసి లేదు, బ్యాచ్ సంఖ్య కూడా లేదు. అప్పుడు మొదలైంది అసలు పురాణం.

నిన్న బేరింగు విప్పారు. లోపలి పక్క దారిలో గ్రీజు కొవ్వొత్తి మైనంలా ఉంది, పుల్లతో గీకితే ముక్కలుగా వచ్చింది. రేసును గుడ్డతో తుడిచి దీపం కింద పెడితే గోళీ గోళీకి ఒక మచ్చ, వరసగా, వేలిగోరుతో నొక్కినట్టు. మచ్చల అంచున ఆ ఇటుక పొడే. ఇంకో బ్లేడు బేరింగు కూడా విప్పమన్నారు. దాంట్లో మచ్చలు లేవు, లోపలి పక్క గ్రీజు మాత్రం సగం గట్టిపడింది. కొత్త బేరింగులకు ఆర్డరు పెట్టారు.

ఇరుసు_తాత
గోళీ గోళీకి ఒక మచ్చ. అదే. సీనియర్ ఏమన్నారు?

జక్కూరు_కుర్రాడు
ఆయన చాలాసేపు ఆ రేసును చేతిలో తిప్పుతూ ఉన్నారు. "మా గురువు కూడా నాలుగే అనేవాడు" అన్నారు. ఇంకేమీ అనలేదు. సాయంత్రం నాకు టీ తెప్పించారు.

మాధవి_వైట్‌ఫీల్డ్
పాత గన్‌లు రెండూ ఏం చేశారు? కడిగి వాడవద్దు. గొట్టం లోపల మిగిలింది ఎంత కడిగినా ఉంటుంది.

జక్కూరు_కుర్రాడు
పక్కన పెట్టేశారు, కొత్తవి వచ్చాయి. ఎస్.పి. రోడ్డు నుంచి రంగు టేపులు నేనే తెచ్చాను. 14కు ఆకుపచ్చ, 7కు నీలం. గన్ మీద, డబ్బా మీద, మేకు మీద కూడా. పుస్తకంలో బ్యాచ్ సంఖ్య రాయడం ఇకనుంచి నా పని.

రెంచి_రాముడు
హెలికాప్టర్‌ను నీళ్లతో కడుగుతారా మీరు? ప్రెషర్ వాషర్‌ను తోక బేరింగుల వైపు తిప్పవద్దని కూడా చెప్పు. సీలు ఆపేది గ్రీజును, ఆ నీటి ధారను కాదు. కడిగిన రోజు మళ్లీ గ్రీజు పెట్టమని మాన్యువల్‌లో ఉందేమో చూడు.

జక్కూరు_కుర్రాడు
ఉంది. ఇప్పుడే చూశాను. ఇన్నాళ్లూ ఎవరూ ఆ పేజీ తిప్పినట్టు లేదు, కొత్త కాగితంలా ఉంది.

పీన్యా_బేరింగ్
ఆ మచ్చల రేసు పారేస్తారా? ఫొటో పెట్టగలవా? మా కుర్రాళ్లకు చూపిస్తాను.

జక్కూరు_కుర్రాడు
ఫొటో పెట్టకూడదట. రేసు మాత్రం ఇంజినీరు గారి బల్ల మీద కాగితాల మీద బరువుగా ఉంది.

ఇరుసు_తాత
తమ్ముడూ, గ్రీజు డబ్బా మూత పెడుతున్నావా? ఆవకాయ జాడీలో తడి గరిటె ఎంతో, తెరిచిన డబ్బాలో హ్యాంగర్ దుమ్ము అంత.

జక్కూరు_కుర్రాడు
ఒక్క నిమిషం, చూసి వస్తాను.